నిలబెట్టిన మాట

కిందటి వారం కథ ఆగేటప్పటికి కుక్క గేటు దగ్గర కూర్చుని ఉంది. ఇవాళ కూడా అక్కడే ఉంది.

కొత్తగా చదివేవాళ్ళకు నాలుగు ముక్కలు. మా అమ్మాయి పోయి రెండు నెలల పది రోజులు. పొద్దున్నే కుక్కను తిప్పడానికి వెళ్ళి రోడ్డు దాటుతుంటే లారీ కొట్టింది. కుక్కకు ఏమీ కాలేదు. అల్లుడు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. వేరే ఊరికి బదిలీ అడిగి చేయించుకున్నాడు. అక్కడ ఇచ్చిన గదిలో కుక్కను ఉండనివ్వరట. మూడు వారాల కిందట దాన్ని తెచ్చి నా దగ్గర దింపాడు. నేను మూడో అంతస్తులో ఒక గదిలో ఉంటాను. కుర్చీలకు బెత్తం అల్లుతాను. కింద ఉండే ఇంటావిడ ఒకే మాట చెప్పింది, రోజుకు రెండుసార్లు బయట తిప్పుకొస్తే ఉంచుకోమని, మెట్లు పాడుచేస్తే పంపించెయ్యమని. కుక్క గేటు దాటి పది అడుగులు వెయ్యదు. మెట్లు పాడవుతూనే ఉన్నాయి. ఆదివారం లోగా నడిస్తే సరి, లేదంటే కోళ్ళఫారం ఆయన వచ్చి తీసుకుపోయి షెడ్డు దగ్గర గొలుసు వేస్తాడు. అలా ఒప్పందం.

ఇవాళ ఆదివారం.

పొద్దున ఆరింటికి లేచి మెట్లు కడిగాను. టీ పెట్టుకున్నాను. తాగానో లేదో గుర్తులేదు, గ్లాసు మాత్రం ఖాళీగా ఉంది. ఈ రెండు నెలలుగా అంతే. చేతులు పనిచేస్తాయి. కుర్చీ అడుగున కన్నాలు లెక్కపెట్టుకుంటూ బెత్తం దూరుస్తాయి. అల్లిక ఎక్కడా వదులు కాలేదు. ఏడవవేం అని అడిగినవాళ్ళు ఉన్నారు. ఏడిస్తే నాకూ అభ్యంతరం లేదు. రావడం లేదు.

కుక్క పేరు దొర. పేరు అమ్మాయి పెట్టింది. మట్టిరంగు ఒళ్ళు, ఒక చెవి నిలబడి ఉంటుంది, ఒకటి వాలి ఉంటుంది. పాతిక కిలోలు ఉంటుంది, ఎత్తుకుని మెట్లు దిగే వయసు కాదు నాది. గదిలో బాగానే ఉంటుంది. పెట్టింది తింటుంది. నేను బెత్తం నానబెట్టే తొట్టి పక్కన పడుకుంటుంది. మెట్లు తనే దిగుతుంది. గేటు దగ్గర తాడు తగిలించి నాలుగడుగులు వేయిస్తే కూర్చుంటుంది. ఇక బండరాయే. తాడు విప్పేస్తే మాత్రం తనే లేచి పైకెక్కుతుంది.

నేను చెయ్యనిది లేదు. పాత తాడు ఆ రోజే పోయింది. కొత్తది మెత్తగా ఉండాలని మంచం నవారు రెండు పేటలు కలిపి కుట్టాను. బిస్కెట్లు పరిచాను. అందినంతవరకు మెడ చాచి తిని, అందనిది చూస్తూ కూర్చుంది. లాగాను. మెడ మీద చర్మం ముడతలు పడి ముఖమంతా ముందుకు వచ్చింది గాని ఒళ్ళు కదల్లేదు. ఎండు బెత్తాన్ని లాగితే విరుగుతుంది. నీళ్ళలో వేసి, మెత్తబడేదాకా ఊరుకోవాలి. కుక్కను ఎలా నానబెట్టాలో నాకు తెలియలేదు.

ఒక్కటి గమనించాను. ఎంత బతిమాలితే అంత బిగుసుకుంటుంది. నోరు మూసుకుని ఉంటే ఒకటి రెండు అడుగులు వేస్తుంది. ఎందుకో ఆలోచించలేదు. మొండివాడు రాజుకంటే బలవంతుడు, ఇది ఏకంగా దొర అనుకున్నాను.

తొమ్మిదింటికి కోళ్ళఫారం ఆయన వచ్చాడు. వెనక తొట్టి ఉన్న బండి, అందులో ఖాళీ కోళ్ళగంపలు. బండి దిగుతూనే భుజం మీద ఇనుప గొలుసు వేసుకున్నాడు, కండువాలాగా. అతని వెనకే అల్లుడు నడిచి వచ్చాడు. చేతిలో ఒక సంచి. సంచిలో కుక్క గిన్నె, సూదులు వేయించిన చీటీ. పన్నెండింటికి అతనికి రైలు.

"ఇదేనా తమ్ముడూ?" అన్నాడు కోళ్ళఫారం ఆయన అల్లుడితో, కుక్క చుట్టూ ఒకసారి తిరిగి. "నడవదు అన్నావు. నడవకపోతే మరీ మంచిది. కట్టేసిన చోటే పడి ఉంటుంది."

"అరుస్తుందో లేదో కూడా చూసుకో నాయనా" అంది ఇంటావిడ. మొదటి అంతస్తు వరండాలో బట్టలు ఆరేస్తోంది. ఒక దుప్పటి పిండితే ఆవిడకు వారం రోజుల కబుర్లు వినబడతాయి. "దాని నోరు నేనింతవరకు వినలేదు. పెంచేవాడికి తగ్గ కుక్క."

"అరవకపోతే నాకెందుకమ్మా? నక్కలు వస్తున్నాయి మా దగ్గరికి."

"నక్కలు దీన్ని చూసి కూర్చుంటాయేమో. చూద్దాం, ఎవరు ముందు లేస్తారో."

అల్లుడు నవ్వలేదు. సంచి గోడకు ఆనించి పెట్టాడు. గడ్డం గీసుకున్నాడు గాని ఒక చెంప మీద చిన్న పట్టీ గీయకుండా వదిలేశాడు. కుక్క అతన్ని చూసి తోక రెండుసార్లు నేలకేసి కొట్టింది. అతను దాని వంక చూడలేదు.

"ఒక్కసారి చూద్దాం" అన్నాను.

"ఎందుకు మామయ్యా" అన్నాడు. "మూడు వారాలు చూశారుగా."

"ఒక్కసారి."

ఆ కుక్క నాకు ఎందుకు కావాలో అడిగితే చెప్పలేను. ఇష్టం అనే మాట కూడా కాదు. అమ్మాయి ఇంట్లో సామాను అల్లుడు పంచేశాడు. చీరలు ఎవరో పట్టుకెళ్ళారు. ఫొటోలు అతని దగ్గర ఉన్నాయి. కుక్క ఒక్కటే ఇంకా ఊపిరి తీస్తున్న వస్తువు. అది షెడ్డుకు పోతే గదిలో నేనూ తొట్టీ మిగులుతాం. అంతే నాకు తెలిసింది.

తాడు తగిలించాను. నేను ముందు, అది పక్కన. గేటు దాటాం. రెండడుగులు, మూడు. ఇక నోరు తెరిచి ముద్దు చెయ్యాలని, రోజూ అనేదే అన్నాను.

"వెళ్ళొద్దాం, రా."

కుక్క ఆగింది. వెనక కాళ్ళు మడిచి కూర్చుంది.

"వెళ్ళొద్దాం రా నాన్నా. ఇలా వెళ్ళొద్దాం."

కడుపు కూడా నేలకు ఆనించింది.

"పెళ్ళివారు కూడా ఇంత బెట్టు చెయ్యరు" అంది పైనుంచి ఇంటావిడ.

కోళ్ళఫారం ఆయన గొలుసు భుజం మీంచి దింపాడు. కొక్కెం తీసి చూసుకుంటూ రెండడుగులు వేశాడు. అల్లుడు చెయ్యి అడ్డం పెట్టాడు. అతను ఇప్పుడు కుక్కను చూస్తున్నాడు. ఇవాళ్టికి మొదటిసారి.

"మామయ్యా, మళ్ళీ అనండి."

"ఏది?"

"ఇప్పుడన్నదే."

"వెళ్ళొద్దాం రా."

కుక్క గడ్డం కూడా రోడ్డుకు ఆనించింది. ఇంకా దిగడానికి దానికి చోటు లేదు.

అల్లుడు గోడవైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని నేను వేరేవైపు చూశాను. కాసేపటికి ఇటు తిరిగాడు. ఏడవలేదు. నవ్వాడు, చప్పుడు లేకుండా, దగ్గు ఆపుకుంటున్నవాడిలా.

"దాన్ని ఆపుతున్నది మీరే" అన్నాడు.

నేను చేతిలోని తాడు వంక చూశాను.

"అది మీ మాటంతా వినడం లేదండీ. కుక్కకేం తెలుసు, వెళ్ళి రావడం గురించి. ఆ మధ్యలో ఉన్న ముక్క వింటోంది. ఒద్దు. ఇది చిన్నప్పుడు చక్రాల కిందకు ఉరికేదని మీ అమ్మాయి నేర్పింది. ఒద్దు అంటే ఎక్కడున్నా ఆగి కూర్చోవాలి. ఎంత గట్టిగా అంటే అంత కిందకి. మీరు రోజుకు ఎన్నిసార్లు అంటున్నారు?"

లెక్కపెట్టలేదు. పొద్దున పదిసార్లు, సాయంత్రం పదిసార్లు.

గడప దాటేటప్పుడు పోదాం అనకూడదు. వెళ్ళొద్దాం అనాలి. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ మా ఇంట్లో అందరికీ అదే అలవాటు. తిరిగి రావాలని అనే మాట. ఈ రెండు నెలల్లో మరీ ఎక్కువైంది. మంచి మాటే అన్నానని నా నమ్మకం. ఆ మంచి మాటతోనే మూడు వారాలు దాన్ని గేటు దగ్గర కూర్చోబెట్టాను.

"నీకు తెలుసన్నమాట" అన్నాను.

"ఏది?"

"ఒద్దు సంగతి."

"తెలుసు."

"మూడు వారాలు."

"మీరు అడగలేదు" అన్నాడు. గొంతు పెరగలేదు. ఎక్స్‌రే గదిలో ఊపిరి బిగబట్టండి, వదలండి అని చెప్పే గొంతు. "మీరేదీ అడగరు మామయ్యా. ఆస్పత్రికి వచ్చారు, బల్ల మీద కూర్చున్నారు, లేచి వెళ్ళారు. ఎలా జరిగింది అని ఇవాళ్టికీ అడగలేదు. అడుగుతారేమో, అడిగితే చెబుదాం అని రోజూ అనుకున్నాను. మీరేమో వీడే చెబుతాడులే అనుకుని ఉంటారు."

అదే అనుకున్నాను. ఆ మాట చెప్పలేదు.

"నువ్వు తిప్పలేదా దీన్ని?" అన్నాను.

"డాబా మీదికి వదిలేవాణ్ణి. తాడు పట్టుకోవడం నావల్ల కాలేదు."

కోళ్ళఫారం ఆయన గొలుసును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. వినకూడని మాటలు వింటున్నానని అతనికి తెలిసింది. బండి దగ్గరకు వెళ్ళి, ఖాళీ గంపలు సర్దడం మొదలుపెట్టాడు. సర్దడానికి అందులో ఏమీ లేదు.

"చెప్పు" అన్నాను.

అల్లుడు నేల మీద కూర్చున్నాడు, కుక్క పక్కనే, ఇస్త్రీ ప్యాంటుతోనే.

"రోడ్డుకు ఎదురుగా ఉన్న బ్యాటరీల కొట్టతను చూశాడు. తను ముందు నడుస్తోంది. ఇది వెనకబడింది. లారీ మలుపు తిరగడం తను చూసేటప్పటికి సగం రోడ్డులో ఉంది. వెనక్కి తిరిగి దీనితో ఒద్దు అని అరిచిందట. తాడు వదిలేసింది. ఇది అంచులోనే ఆగి కూర్చుంది." రోడ్డు మీది గులకరాయి ఒకటి తీసి పక్కన పెట్టాడు. "తను తన సంగతి చూసుకుని ఉంటే దాటేసేదన్నాడు అతను. మనిషి మంచివాడే. ఆ ముక్క నాకు చెప్పకుండా ఉండాల్సింది."

"ఊఁ" అన్నాను.

"మధ్యాహ్నం దాకా అది అక్కడే కూర్చుందట. తనను తీసుకెళ్ళాక కూడా. లాగినా లేవలేదు. ఆఖరికి నలుగురు పట్టి బండిలోకి ఎత్తారు. లేవమని చెప్పే మాట వాళ్ళకు తెలియదు కదా."

"లేవమనే మాట వేరే ఉందా?"

"సరే" అన్నాడు.

నేను ఇంకా ఏదో చెబుతాడని చూస్తున్నాను.

"అదేనండీ మాట. సరే. ఒద్దు అన్నాక, సరే అనేదాకా లేవకూడదు. తరవాత పద అంటే నడుస్తుంది."

వరండాలో ఇంటావిడ తడి దుప్పటి పట్టుకుని అలాగే నిలబడింది. "అయితే నాయనా, ఆ కుక్క ఇక లేచినట్టే" అంది. "ఎనిమిదేళ్ళుగా ఉంటున్నాడు మీ మామగారు. పైకప్పు కారుతోందయ్యా అంటే ఊఁ అంటాడు. బాగుచేయించానయ్యా అన్నా ఊఁ అంటాడు. సరే అనగా నేను వినలేదు."

"తనూ వినలేదు" అన్నాడు అల్లుడు, పైకి చూడకుండా. "ఆరేళ్ళ కిందట మా పెళ్ళి సంగతి మీతో చెప్పి వచ్చిన రోజు నన్ను అడిగింది, మా నాన్న ఊఁ అన్నాడు, దానర్థం ఏమిటి అని. నేనేం చెప్పను? నాకు మీరు అప్పటికి పరిచయమే లేదు."

ఒప్పుకున్నానని అర్థం. అంతకంటే ఏముంటుందని నా ఉద్దేశం. అది అడిగి తెలుసుకోవలసిన సంగతని ఇవాళ్టిదాకా నాకు తెలియదు.

కుక్క కళ్ళు మాత్రం పైకెత్తి నా వంక చూస్తోంది. దాని కంటి కింద తడి చార ఉంది. కుక్కలకు అలాగే ఉంటుంది, దుఃఖం కాదది. నేను వంగాను. మోకాళ్ళు చప్పుడు చేశాయి. నోరు తెరిచాను. రాలేదు. రెండక్షరాలు. చెయ్యి తిరిగిన పనివాడికి పరాయి అల్లిక ఇచ్చినట్టుంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"సరే" అన్నాను.

నిలబడి ఉన్న చెవి కదిలింది. అంతే.

"గట్టిగా అనాలి బాబాయ్" అన్నాడు బండి దగ్గర్నుంచి కోళ్ళఫారం ఆయన. "నాకే వినబడలేదు."

"సరే."

కుక్క లేచింది. ముందు కాళ్ళు చాచి ఒళ్ళు విరిచింది. తల నుంచి తోక దాకా ఒకసారి దులుపుకుంది. రోడ్డు మీద దాని కడుపు ఆనినంతమేరా దుమ్ము తుడిచినట్టు మరక ఉంది.

"పద" అన్నాను.

నడిచింది. కరెంటు స్తంభం దాకా, ఆ పక్కన ఆగిన స్కూటరు దాకా, అక్కడ నన్ను తిరిగి చూసి, నేనింకా వస్తున్నానని రూఢి చేసుకుని ముందుకు. నవారు వదులుగా ఊగుతోంది. నేను నలభై అడుగులు నడిచి వెనక్కి తీసుకొచ్చాను.

నాకు సంతోషం కలగాలి. కలిగిందో లేదో లోపల వెతికాను. కాళ్ళు తిమ్మిరి పట్టి ఉన్నప్పుడు ఎవరో తాకితే తెలుస్తుంది చూడండి, తాకారని తెలుస్తుంది గాని తాకినట్టుండదు. అలాగుంది.

"మాటతో అయ్యే పనికి నన్ను ఇంత దూరం లాక్కొచ్చారు" అన్నాడు కోళ్ళఫారం ఆయన. గొలుసు గంపలో పడేశాడు. కోపం లేదు. "పోనీలే తమ్ముడూ. అయినా ఇంత చదువుకున్న కుక్క నా కోళ్ళకెందుకు. వాటికి తెలుగు రాదు."

"ఆదివారం లెక్క తీరింది" అంది ఇంటావిడ, అడగకుండానే. "ఉంచుకో. మెట్ల సంగతి మాత్రం మరిచిపోలేదు నేను."

బండి వెళ్ళింది. అల్లుడు గోడ పక్క సంచి తీసి నా చేతికి ఇచ్చాడు. ప్యాంటు వెనక మట్టి దులుపుకోలేదు. నేనూ చెప్పలేదు.

"రోజూ పొద్దున ముప్పావు గంట తిప్పేది. పార్కు చుట్టూ అని చెప్పేది" అన్నాడు. "బ్యాటరీల కొట్టు పార్కు దారిలో లేదు మామయ్యా. అటెందుకు వెళ్ళిందో నాకు తెలియదు. మొదట్లో ఎవరినో ఒకరిని అడగాలనుకున్నాను. తరవాత అడగాలనిపించలేదు."

ఈసారి నేను ఊఁ అనలేదు. "రైలు ఎక్కాక కబురు చెయ్యి" అన్నాను. నా నోట అంత పొడుగు మాట విని అతను ఒక్క క్షణం నిలబడ్డాడు.

"వెళ్ళొస్తానండీ" అన్నాడు. అని, కుక్క వైపు చూశాడు. అది కూర్చోలేదు. ఆ మాటలో దానికి పనికొచ్చే ముక్క లేదు.

అతను వీధి మలుపు తిరిగేదాకా చూసి, సంచి గేటుకు తగిలించాను. కుక్క ఇంకా నిలబడే ఉంది, తాడు చివరిదాకా సాగి, ముఖం రోడ్డువైపు పెట్టుకుని.

"పద" అన్నాను.

దారి నేను చెప్పలేదు. చెప్పడానికి నాకు తెలిస్తే కదా. రెండు వీధులు దాటి అమ్మాయి వాళ్ళ ఇంటి మూల దాకా తీసుకెళ్ళింది. ఆ ఇంటి కిటికీకి ఇప్పుడు వేరేవాళ్ళ తెర ఉంది. కుక్క ఆగలేదు. కుడిపక్క పార్కు, చెట్లు కనబడుతున్నాయి. అది ఎడమకు తిరిగింది. తప్పిందేమోననుకున్నాను. తప్పినవాళ్ళు అలా నడవరు. పనికి ఆలస్యమైన మనిషిలా నడుస్తోంది.

పెద్దరోడ్డు వచ్చింది. అంచు దగ్గర అది తనంతట తనే కూర్చుంది. ఎదురుగా బ్యాటరీల కొట్టు. తలుపు సగం దించి ఉంది, ఆదివారం కాబట్టి. రోడ్డు మీద ఏమీ లేదు. ఏదో ఉంటుందని ఎందుకనుకున్నానో. లారీలు వచ్చాయి, వెళ్ళాయి. కుక్క నా వైపు చూడలేదు, రోడ్డు మధ్యకే చూస్తోంది. నేను దాని పక్కన నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు.

"సరే" అన్నాను. ఈసారి మొదటిసారికే వచ్చింది. దాటాం.

అవతల సందులు. సైకిలు పట్టేంత వెడల్పు. నీళ్ళ డ్రమ్ములు, ఆరేసిన తువ్వాళ్ళు, ఎక్కడో కుట్టుమిషను చప్పుడు. అరవైతొమ్మిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను, అటెప్పుడూ రాలేదు. కుక్క మూడో సందులోకి తిరిగి ఒక నీలం తలుపు ముందు ఆగింది. పంజాతో రెండుసార్లు గీకింది. తలుపు మీద అదే ఎత్తులో రంగు లేచిపోయి ఉంది, చాలా రోజుల గీతలు.

లోపల్నుంచి అడుగుల చప్పుడు. యాభై ఏళ్ళావిడ తలుపు తీసింది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఉంది.

"దొరా" అంది. వంగి దాని ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఇన్నాళ్ళకా రావడం? ఇల్లు మరిచిపోయావనుకున్నాను." తరవాత తలెత్తి, తాడు వెంబడి నా చేతి దాకా, నా చెయ్యి దాటి వెనక సందులోకి చూసింది. "ఆవిడ రాలేదాండీ?"

"రాలేదు" అన్నాను.

"ఒంట్లో బాగుండలేదా? రెండు నెలలైంది, కబురే లేదు. నా మీద కోపమొచ్చిందేమోనని రోజూ అనుకుంటున్నాను."

కుక్క నా చేతిలోంచి తాడు గుంజుకుని లోపలికి వెళ్ళింది. అక్కడ రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసి ఉన్నాయి. ఒక కుర్చీ కింద చుట్టుకుని పడుకుంది. చెప్పవలసిన మాట నా గొంతులో ఉంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ముందు నేనెవరో చెబితే సులువవుతుందనుకున్నాను.

"నేను వాళ్ళ నాన్నను" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు కిందకి దించుకుంది. నా చెప్పుల దగ్గర్నుంచి జుట్టు దాకా చూసింది. తలుపు మీద ఉన్న చెయ్యి బిగుసుకుంది.

"వాళ్ళ నాన్న పోయి ఆరేళ్ళయిందండీ" అంది. "ఆవిడే చెప్పింది. ఆ కుర్చీలోనే కూర్చుని, రోజూ."